శ్రీదేవి మరణం: శోకానికీ సంచలనానికీ మధ్య

ముంబయిలోని విలే పార్లే శ్మశానవాటికలో 2018 ఫిబ్రవరి 28, బుధవారం నాడు శ్రీదేవి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో ముగిశాయి. దుబాయ్‌లో శనివారం రాత్రి ఆమె కన్నుమూసిన నాటి నుంచి చితి రగిలే వరకు గడిచినవి నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో దేశం రెండు దృశ్యాలను ఏకకాలంలో చూసింది. ఒకటి, భాషల ఎల్లలు దాటి కోట్లాది మంది పంచుకున్న శోకం. రెండవది, ఆ శోకాన్ని ఆసరాగా చేసుకుని పలు వార్తా ఛానెళ్లు సాగించిన ఊహాగానాల పరంపర. మొదటిది ఎందుకంత గాఢమైనదో గ్రహిస్తే, రెండవది ఎందుకంత బాధాకరమైనదో బోధపడుతుంది.

అన్ని భాషల ఆడపడుచు

శ్రీదేవి 1963 ఆగస్టు 13న తమిళనాడులోని శివకాశి ప్రాంతంలో జన్మించారు. తల్లి వైపు మూలాలు తిరుపతిలో ఉన్నాయి. బడికి వెళ్ళవలసిన వయసులోనే తమిళ చిత్రం 'తునైవన్'లో బాల మురుగన్ వేషం కట్టారు. 1971 నాటి మలయాళ చిత్రం 'పూంబాట్ట' ఆమెకు కేరళ ప్రభుత్వ ఉత్తమ బాలనటి పురస్కారం తెచ్చిపెట్టింది. కన్నడంలోనూ బాలనటిగా కనిపించారు. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో ఎన్.టి. రామారావుకు మనుమరాలిగా నటించిన ఆ చిన్నారిని తెలుగు ప్రేక్షకులు అప్పుడే తమ ఇంటి పిల్లగా స్వీకరించారు.

1976లో కె. బాలచందర్ 'మూండ్రు ముడిచ్చు', 1977లో భారతీరాజా '16 వయదినిలే' ఆమెను కథానాయికగా నిలబెట్టాయి. ఆ రెండవ చిత్రానికి తెలుగు రూపమే 1978లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన 'పదహారేళ్ల వయసు'. ఆ తరువాత పదిహేనేళ్లకు పైగా తెలుగు తెర ఆమె లేకుండా లేదు. 'వేటగాడు', 'ప్రేమాభిషేకం', 'దేవత', 'బొబ్బిలి పులి', 'ఆఖరి పోరాటం', 'క్షణక్షణం' వంటి చిత్రాల్లో రామారావు, అక్కినేని, శోభన్‌బాబుల నుంచి నాగార్జున, వెంకటేశ్‌ల వరకు రెండు తరాల కథానాయకుల సరసన ఆమె నటించారు. కృష్ణతో ఆమె జోడీ ఒక దశలో ప్రేక్షకులకు నిత్య పరిచయం. 1990 మే నెలలో కోస్తాంధ్రను పెను తుపాను ముంచెత్తిన రోజునే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. వాన వెలిశాక జనం థియేటర్లకు పోటెత్తిన వైనాన్ని ఆ తరం ప్రేక్షకులు నేటికీ చెప్పుకుంటారు.

హిందీ చిత్రసీమలో ఆమెకు బాట వేసినదీ తెలుగు పరిశ్రమే. కృష్ణ నటించిన 'ఊరుకి మొనగాడు'ను పద్మాలయ సంస్థ 1983లో 'హిమ్మత్‌వాలా'గా తీసింది. రామానాయుడు నిర్మించిన 'దేవత' 1984లో 'తోఫా' అయింది. రెండింటికీ రాఘవేంద్రరావే దర్శకుడు. తొలి హిందీ చిత్రాల్లో ఆమె పాత్రలకు వేరొకరు గొంతు అరువిచ్చారు. 1989 నాటి 'చాందినీ'లో గాని ఆమె సొంత గొంతు హిందీ ప్రేక్షకులకు వినిపించలేదు. పరాయి భాషలో నోరు తెరవకుండానే, కేవలం కళ్ళతోనూ నడకతోనూ ఒక దేశాన్ని మెప్పించిన నటి ఆమె. అందుకే ఆ వారం చెన్నై, హైదరాబాద్, తిరువనంతపురం, ముంబయి నగరాల్లో ప్రతి చోటా 'మన శ్రీదేవి' అన్న మాటే వినిపించింది. ఎవరి మాటా అబద్ధం కాదు.

ఆ మాట దేశ సరిహద్దుల వద్దనే ఆగలేదు. ఆమె నటించిన 'ఖుదా గవాహ్' చిత్రీకరణ కొంత ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగింది. 2017లో విడుదలైన 'మామ్'లో ఆమెతో పాటు పాకిస్తాన్ నటులు సజల్ అలీ, అద్నాన్ సిద్దిఖీ నటించారు. 2016 తరువాత పాకిస్తాన్ కళాకారులు హిందీ చిత్రాల్లో కనిపించడం దాదాపుగా నిలిచిపోయిన కాలమది. ఆమె మరణవార్త విని ఆ ఇద్దరూ బహిరంగంగా విలపించారు. రెండు దేశాల మధ్య మాటలే కరవైన వేళ ఒక మరణం ఉభయులనూ ఒకే దుఃఖంలో నిలిపింది.

కొరతలో పుట్టిన ఆరాధన

ఈ శోకం అన్ని వయసుల వారిదీ అయినా, అప్పటికి యాభైలలో ఉన్నవారిని అది మరింత లోతుగా తాకింది. 'పదహారేళ్ల వయసు' విడుదలైనప్పుడు ఉన్నత పాఠశాలలోనో కళాశాల తొలి మెట్టుపైనో ఉన్న తరం ఇది. ఆ రోజుల్లో ఒక తార గురించి తెలుసుకునే మార్గాలు వేళ్ళపై లెక్కించదగినవి. ఊరికి ఆలస్యంగా చేరే సినిమా, గోడపై వాల్‌పోస్టరు, చేతులు మారుతూ నలిగిపోయిన సినిమా వారపత్రిక, వివిధ భారతిలోనో రేడియో సిలోన్‌లోనో వచ్చే పాట. ఆకాశవాణి ప్రసారం చేసే సంక్షిప్త శబ్ద చిత్రాన్ని విని, చూడని సినిమాను మనసులోనే చూసుకున్నవారు పల్లెల్లో ఎందరో. దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం 'చిత్రలహరి' మొదలయ్యే వేళకు, టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల వరుస పెరిగేది.

దొరికేది తక్కువ కనుక మిగిలినదంతా ఊహ పూరించేది. తార ఏమి తిన్నదో, ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. తెలియవలసిన అవసరమూ కనిపించలేదు. తెరపై ఆమె ఉన్న రెండున్నర గంటలే ఆమె గురించిన సమస్తం. నేటి తారలు రోజుకు పదిసార్లు చరవాణి తెరపై పలకరిస్తున్నారు. ఆనాటి తారలు ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ చీకటి హాలులో, నేల మీదనో బెంచీ మీదనో కూర్చున్న వందలాది మంది మధ్య కనిపించేవారు. ఆ అరుదైన పరిచయమే అభిమానానికి బలమైంది.

అభిమాన తార మరణించినప్పుడు మనం దుఃఖించేది నిజానికి గడిచిపోయిన మన యౌవనం గురించేనని అంటుంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే అది సగం సత్యమే. శ్రీదేవి ఆ తరానికి పాత జ్ఞాపకంగా మాత్రమే మిగిలిపోలేదు. పదిహేనేళ్ల విరామం తరువాత 2012లో 'ఇంగ్లీష్ వింగ్లీష్'తో ఆమె తిరిగి వచ్చారు. లడ్డూలు చేయడంలో సాటిలేని గృహిణి, ఇంగ్లీషు రానందుకు సొంత భర్త, కూతురు చేసే హేళనను మౌనంగా భరించి, పరాయి దేశంలో తనంతట తానుగా ఆ భాష నేర్చుకుంటుంది. నలభైలు దాటిన స్త్రీకి తల్లి, వదిన పాత్రలు తప్ప వేరే చోటు చూపని తెరపై కథ మొత్తం అటువంటి గృహిణిదే కావడం అరుదు. ఒకనాడు ఆమె చీరల రంగులను, జడ అల్లికలను అనుకరించిన అమ్మాయిలు ఈ చిత్రం చూసే నాటికి పిల్లల చదువుల మధ్య, ఇంటి బాధ్యతల మధ్య తమను తాము మరిచిన స్త్రీలు. వారికి ఆ శశి పాత్ర గతం కాదు, వర్తమానం. తమతో పాటే వయసు పెరిగి, తమ కష్టాన్ని తెరపై పలికిన మనిషి 54 ఏళ్లకే వెళ్ళిపోవడం వారికి కలిగించిన వేదనను యౌవన స్మృతిగా మాత్రమే కొట్టిపారేయలేము.

ఆరాధన అడగని ప్రశ్న

నిజమైన నివాళిలో కీర్తనతో పాటు వివేచనకూ చోటుండాలి. 'మూండ్రు ముడిచ్చు' నాటికి శ్రీదేవి వయసు 13 సంవత్సరాలు. 'బడిపంతులు'లో మనుమరాలిగా కనిపించిన ఏడేళ్లకు, 1979లో 'వేటగాడు'లో అదే రామారావు సరసన ఆమె కథానాయిక. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు, ఆమెకు 16 నిండలేదు. ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. ఆ బాలిక బాల్యం ఏమైందన్న ప్రశ్న పరిశ్రమ వేసుకోలేదు, ప్రేక్షక లోకమూ అడగలేదు. ఆనాటి ఆచారం అటువంటిదని సరిపెట్టుకోవచ్చు. కాని ఐదేళ్లకే కెమెరా ముందు నిలిచి, బడి గంటకు బదులు షూటింగ్ వేళలతో పెరిగిన ఒక జీవితాన్ని తలుచుకునే వేళ ఆ ప్రశ్నను దాటవేయడం తగదు.

ఈ ప్రశ్నకు నేడు చట్టంలో కొంత సమాధానం ఉంది. బాల కార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ, 2017లో వచ్చిన నిబంధనలు బాలనటులకు రక్షణలు కల్పించాయి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించరాదు. మూడు గంటలకు ఒకసారి విశ్రాంతి ఇవ్వాలి. చదువుకు ఆటంకం కలగరాదు. సంపాదనలో కనీసం 20 శాతాన్ని ఆ బిడ్డ పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి. పిల్లల పాటల పోటీలు, నృత్య ప్రదర్శనలు అన్ని భాషల టీవీ ఛానెళ్లనూ నింపుతున్న ఈ రోజుల్లో ఈ నిబంధనలు ఎంతవరకు అమలవుతున్నాయో నిగ్గు తేల్చడం, శ్రీదేవిని అభిమానించిన సమాజం ఆమె బాల్యానికి తీర్చుకోగల బాకీ.

వార్త లేని వేళ పుట్టిన వార్తలు

ఇక రెండవ దృశ్యానికి వద్దాం. ఫిబ్రవరి 25 ఆదివారం తెల్లవారేసరికి ఆమె మరణవార్త దేశమంతా పాకింది. గుండె ఆగిపోవడమే కారణమని తొలి కథనాలు వెలువడ్డాయి. సోమవారం దుబాయ్ అధికారులు ఫోరెన్సిక్ నివేదిక ఆధారంగా, స్పృహ తప్పి స్నానపు తొట్టిలో ప్రమాదవశాత్తు మునిగిపోవడం వల్ల మరణం సంభవించిందని ప్రకటించారు. మంగళవారం అక్కడి ప్రాసిక్యూషన్ విభాగం కేసును ముగించి భౌతికకాయాన్ని అప్పగించింది. ఆస్పత్రి వెలుపల ఒక విదేశీయురాలు మరణించినప్పుడు పోలీసు విచారణ, వైద్య పరీక్ష, దౌత్య పత్రాల వంటి లాంఛనాలు పూర్తి కావడానికి రెండు మూడు రోజులు పట్టడం అసాధారణం కాదు. గల్ఫ్‌లో అయినవారిని పోగొట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఆ నిరీక్షణ ఎటువంటిదో తెలుసు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో భౌతికకాయం కోసం వారాల తరబడి ఎదురుచూసిన ఇళ్ళు అనేకం.

ఆ సాధారణ జాప్యమే కొన్ని వార్తా ఛానెళ్లకు మిస్టరీగా కనిపించింది. దుబాయ్ నుంచి చూపడానికి దృశ్యాలు లేవు, చెప్పడానికి కొత్త సమాచారం లేదు. ప్రసార సమయం మాత్రం 24 గంటలూ ఉంది. ఆ ఖాళీని అనుమానాలతో నింపారు. స్టూడియోలో స్నానపు తొట్టి బొమ్మలు వెలిశాయి. ఒక తెలుగు ఛానెల్ విలేకరి తానే తొట్టిలో పడుకుని మరణం ఎలా సంభవించి ఉంటుందో వివరించే ప్రయత్నం చేశారు. ఆమె సౌందర్య చికిత్సల గురించి, తిండి తీరు గురించి, కుటుంబ సంబంధాల గురించి ఏ ఆధారమూ లేని చర్చలు గంటల కొద్దీ సాగాయి. అవతల ఇద్దరు కుమార్తెలు తల్లి రాక కోసం ఎదురుచూస్తున్నారన్న స్పృహ ఆ చర్చల్లో కనిపించలేదు. ఇది వార్తల మరణమేనంటూ సామాజిక మాధ్యమాల్లో వీక్షకులే నిరసన ప్రకటించవలసి వచ్చింది.

దీనిని కొందరు వ్యక్తుల అభిరుచి లోపంగా మాత్రమే చూడడం సరికాదు. ప్రేక్షకుల సంఖ్యను ప్రతి వారం లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి ప్రకటనల ఆదాయం నిర్ణయమయ్యే వ్యవస్థలో 'ఇప్పటివరకు ఇంతకు మించి తెలియలేదు' అన్న వాక్యానికి విలువ లేదు. రేడియో వార్తా విభాగాలకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. పది నిమిషాల బులెటిన్‌లో దేశ విదేశాల విశేషాలన్నీ ఇమడాలి కనుక, ధ్రువపడని మాటకు చోటు దొరకదు. అది కేవలం నిగ్రహ గుణం కాదు, వ్యవధి విధించే క్రమశిక్షణ కూడా. 24 గంటల ఛానెళ్లకు అటువంటి కట్టడి లేదు కనుకనే, లిఖిత నియమావళి, దానిని అమలు చేసే సంపాదకుని అధికారం వారికి మరింత అవసరం. మరణ కారణాన్ని అధికారిక ప్రకటన లేకుండా చెప్పరాదన్నది జర్నలిజం తొలి పాఠాల్లో ఒకటి.

గతం నేర్పిన పాఠాలు

తారల మరణాలు ఉపఖండానికి కొత్త కావు. 1993లో దివ్యభారతి 19 ఏళ్లకే మరణించినప్పుడు అల్లుకున్న వదంతులు పాతికేళ్లు గడిచినా పూర్తిగా చల్లారలేదు. మహానటి సావిత్రి నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబరులో కన్నుమూస్తే, ఆమె నటన కన్నా చివరి దశలోని దైన్యమే ఎక్కువగా కథలకెక్కింది. కథానాయకుడు మరణిస్తే అతని విజయాలను, కథానాయిక మరణిస్తే ఆమె రహస్యాలను వెదకడం మన సమాజానికి అలవాటైంది. ఆ వారం ఆ అలవాటే మళ్ళీ బయటపడింది.

అభిమానులు అదుపు తప్పిన ఘట్టాలూ ఉన్నాయి. 2006 ఏప్రిల్‌లో కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్ మరణించినప్పుడు బెంగళూరులో హింస చెలరేగి, పోలీసు కాల్పులు జరిగి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. దానితో పోలిస్తే బుధవారం ముంబయిలోని అంధేరిలో, కడసారి చూపు కోసం ఎండలో బారులు తీరిన వేలాది మంది చూపిన సంయమనం ప్రశంసనీయం. దూర ప్రాంతాల నుంచి వచ్చినవారు సైతం గంటల తరబడి వరుసలో ఓర్పుగా నిలబడ్డారు. ఈ నాలుగు రోజుల్లో మర్యాద ఎరిగి ప్రవర్తించినది సామాన్య అభిమానే.

ఇంతకన్నా మేలైన ఉదాహరణ కోల్‌కతాలో ఉంది. బెంగాలీ మహానటి సుచిత్రా సేన్ మూడు దశాబ్దాలకు పైగా ప్రజలకు ముఖం చూపకుండా ఏకాంతంలో జీవించారు. 2014 జనవరిలో ఆమె మరణించినప్పుడు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం గౌరవ వందనం సమర్పించింది. అదే సమయంలో ఆమె కోరిన గోప్యతనూ కాపాడింది. మూసిన పేటికలోనే ఆమె అంతిమయాత్ర సాగింది. ఆమె జన్మస్థలమైన పాబ్నా నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడివారూ కన్నీరు పెట్టారు. చివరి చూపు దక్కలేదన్న కారణంగా ఆమెపై ఎవరి అభిమానమూ తరగలేదు. శ్రీదేవి కుటుంబం కూడా మీడియా ప్రతినిధులు నివాళి అర్పించవచ్చునని, కెమెరాలను మాత్రం వెలుపలే విడిచి రావాలని కోరింది. అందులో మన వృత్తికి ఒక మందలింపు దాగి ఉంది.

లాంఛనాల తరువాత

మృతదేహంపై జాతీయ పతాకాన్ని కప్పడంపైనా కొందరు ప్రశ్నలు లేవనెత్తారు. ప్రభుత్వ లాంఛనాలు ఎవరికి జరపాలన్నది రాష్ట్ర ప్రభుత్వాల విచక్షణకు లోబడిన అంశం. శ్రీదేవి 2013లో పద్మశ్రీ పొందారు. 2017 డిసెంబరులో ముంబయిలోనే నటుడు శశికపూర్‌కు ఇటువంటి వీడ్కోలు లభించింది. కళాకారులను ఈ విధంగా గౌరవించడంలో తప్పు లేదు. అయితే ఎవరికి, ఏ ప్రమాణంతో అన్నది ముందుగానే స్పష్టంగా ఉంటే, దుఃఖ సమయంలో ఇటువంటి వాదాలకు తావుండదు.

లాంఛనాల కన్నా నిలకడైన గౌరవం ఒకటి ఉంది. అది ఆమె చిత్రాలను భద్రపరచడం. మన తొలి టాకీ 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడా నేడు లభ్యం కాదు. 1964లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడే నాటికే ఎన్నో చిత్రాలు నశించాయి. డెబ్బయ్యవ, ఎనభయ్యవ దశకాల దక్షిణాది చిత్రాల్లో అనేకం నేడు అరిగిపోయిన ప్రతుల్లో, కత్తిరించిన నిడివిలో, వెలిసిన రంగుల్లో మాత్రమే దొరుకుతున్నాయి. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, హిందీల్లో విస్తరించిన శ్రీదేవి చిత్రాలను ఒకచోట చేర్చడానికి ఆయా రాష్ట్రాలు, నిర్మాణ సంస్థలు, కేంద్రం కలిసి పని చేయవలసి ఉంటుంది. అది సాధ్యమైతే, బాలమురుగన్ వేషం నుంచి 'మామ్' వరకు ఒక నటి ఎదిగిన క్రమాన్ని రాబోయే తరాలు సక్రమంగా చూడగలుగుతాయి.

ఒక తార జీవితంలో ప్రజలకు చెందినది ఆమె కళ. దానిని ఎన్నిసార్లయినా చూడవచ్చు, మెచ్చవచ్చు, విమర్శించవచ్చు, పిల్లలకు చూపి మురిసిపోవచ్చు. ఆమె చివరి గడియ మాత్రం ఆమె కుటుంబానిది. ఈ గీత ఎక్కడుందో సామాన్య ప్రేక్షకునికి తెలుసునని అంధేరిలోని ఆ వరుసలు నిరూపించాయి. అది వార్తా సంస్థలకూ తెలియాలి. మా తరానికి శ్రీదేవి మిగిల్చినది 'దేవత'లో గోదావరి ఒడ్డున బారులు తీరిన ఇత్తడి బిందెల మధ్య ఆడిన నృత్యం, 'వసంత కోకిల'లో పసిపాపగా మారిన యువతి చూపు, 'ఇంగ్లీష్ వింగ్లీష్'లో తడబడుతూనే తల ఎత్తుకుని నిలిచిన గృహిణి. ఆమెను గుర్తుంచుకోవడానికి దుబాయ్ హోటల్ గది వివరాలు ఎవరికీ అవసరం లేదు.